సగం రాసిన బోర్డు

"పన్నెండు రోజులకి నా పేరొక్కటే రాశారు. చాలు, మీరిక దిగండి."

నిచ్చెన మీద పెయింటర్ కొమురెల్లి కుంచె ఆపాడు.

"ఇయ్యాల అయిపోతదమ్మా. ఇంక రెండు లైన్లే గదా."

"రోజూ ఇదే మాట. నాకొద్దు. ఫ్లెక్సు కట్టించుకుంటాను."

నిజం చెప్పాలంటే ఉదయశ్రీ కోపం పెయింటర్ మీద కాదు. పావుగంట ముందే ఆమె మొట్టమొదటి క్లయింటు లేచి వెళ్లిపోయాడు.

నాచారంలో ఆమె తొమ్మిదేళ్లు అకౌంట్లు చూసిన ఫ్యాక్టరీ మూతపడింది. వ్యాట్ పన్ను కొత్తగా వచ్చిన ఏడాది అది. చిన్న దుకాణాల వాళ్లందరికీ లెక్కలంటే గుబులు పట్టుకుంది. ఇంతకన్నా మంచి అదను దొరకదనుకుని, అక్కడే మల్లవ్వ అనే ఆవిడ ఇంటి ముందరి షట్టరు గది అద్దెకు తీసుకుంది. ఒక కంప్యూటరు, మూడు కుర్చీలు వేసుకుని దుకాణాలకు లెక్కలు రాసే పని మొదలుపెట్టింది.

"దసరాకల్లా పదిమంది రాకపోతే షట్టరు వదిలేసి మళ్లీ ఉద్యోగం చూసుకుంటాను" అని భర్త పవన్‌కుమార్‌కు తనే మాటిచ్చింది. ఆయన అడగనేలేదు. ఈవిడకే రోషం ఎక్కువ.

తీరా వచ్చిన మొదటివాడు హార్డ్‌వేర్ దుకాణం ఆయన.

"కొనని సరుకుకు నాలుగు బిల్లులు ఎక్కియ్యాలె మేడమ్, పన్ను తగ్గుతది. అందరు చేసేదే."

"లేని బిల్లు నేను రాయనండి."

"గట్లయితే మీ దగ్గరికి ఎవరొస్తరు?" అని కుర్చీ వెనక్కి నెట్టి వెళ్లిపోయాడు.

ఆ మాట చెవిలో మోగుతుండగా బయటికొచ్చిన ఉదయశ్రీకి ఎదురుగా, షట్టరు పక్కనే నిచ్చెన మీద, దొరికింది కొమురెల్లి.

అతను దిగాడు. రంగు డబ్బాలకు మూతలు బిగించాడు. నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"మంచిగ నడుస్తది మేడమ్ మీ పని" అన్నాడు పోతూ పోతూ.

ఎగతాళి చేస్తున్నాడనుకుని ఉదయశ్రీ విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే సగం రాసిన బోర్డును కప్పేస్తూ ఫ్లెక్సు కట్టారు. ఎర్రటి అక్షరాలు, పసుపు రంగు మీద. కళ్లు మూసుకున్నా కనపడేంత పెద్దది.

వారం తిరక్కుండా సైనిక్‌పురి నుంచి సంతోషి అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా గాజుల దుకాణం తెరిచిందట. ఆ తరవాత కాప్రాలో చెప్పుల దుకాణం ఆయన. మేడిపల్లిలో బేకరీ పెట్టిన రంజిత్. అందరూ కొత్తగా దుకాణం పెట్టుకున్నవాళ్లే.

దసరా ఇంకా తొమ్మిది రోజులుందనగా పదో క్లయింటు వచ్చాడు. ఆ సాయంత్రం ఉదయశ్రీ ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లింది.

"అంతా ఫ్లెక్సు మహిమ. ఆ పెయింటర్ని నమ్ముకుంటే ఈపాటికి ఈగలు తోలుకుంటూ కూర్చునేదాన్ని."

"మేడిపల్లి వాళ్లకి నాచారంలో ఫ్లెక్సు ఎలా కనపడిందే?" అన్నాడు పవన్‌కుమార్.

"కనపడింది, వచ్చారు. మీకెందుకు?"

ఉగాది నాటికి క్లయింట్లు ఇరవై మూడు మందయ్యారు. తరవాత నెల దాటిపోయినా ఒక్క కొత్త మొహం లేదు. ఉదయశ్రీకి మళ్లీ దిగులు మొదలైంది.

బిల్లులు ఇవ్వడానికొచ్చిన రంజిత్‌ను అడిగింది.

"మీకు మా ఫ్లెక్సు ఎప్పుడు కంటపడింది రంజిత్? అలాంటిదే మీ మేడిపల్లిలో కూడా ఒకటి కట్టిద్దామనుకుంటున్నాను."

"ఫ్లెక్సు సూసి రాలే మేడమ్. మా బోర్డు రాసిన పెయింటరన్న పంపిండు. లెక్కలు ఎవరితోని రాపిస్తవ్ తమ్మీ అని ఆయనే అడిగిండు. నాచారంల ఒక మేడమున్నది, లేనిది రాయదు, ఉన్నది ఇడ్సిపెట్టదు, పో అన్నడు."

"ఏ పెయింటరు?"

"కొమురెల్లన్న. కొత్త దుకాణమంటే ముందుగాల పిలిచేది ఆయన్నే గద."

ఉదయశ్రీ ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. వరసగా ఏడుగురు ఒకే పేరు చెప్పారు. ఎనిమిదో ఫోను చేయడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

రంజిత్ చెప్పిన గుర్తులు పట్టుకుని ఆ మధ్యాహ్నమే ఉప్పల్ వెళ్లింది. ఇరుకు సందులో రేకుల ఇల్లు. కొమురెల్లి భార్య రాములమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"కొమురెల్లి గారు ఉన్నారా? నేను నాచారం నుంచి వచ్చాను. లెక్కలు రాస్తాను."

"మీరేనా ఆ మేడమ్. కూసోండ్రి" అని రాములమ్మ పీట వేసింది. "దుబాయ్ పోయిండు. నెల దాటె. అందరు ఫ్లెక్సులే కట్టుకుంటున్నరు, కుంచె పట్టెటోనికి పనెక్కడిది మేడమ్."

ఉదయశ్రీ తల దించుకుంది.

"నేను ఆయన్ని పని మధ్యలో దింపేశానమ్మా. ఆయనేమో నాకు ఇంతమందిని పంపించారు. ఒక్క మంచి మాట కూడా చెప్పలేకపోయాను."

"మీ మీద కోపమేం లేదు. తిరిగొచ్చి మళ్ల దుకాణం పెడ్తడట. లెక్కలు మాత్రం మీరే సూడాలె అని చెప్పి పోయిండు."

"మళ్లా? ఇంతకుముందు దుకాణం ఉండేదా?"

"ఉండె మేడమ్. ఉప్పల్ల పెయింట్ల దుకాణం, పెద్దదే" అంది రాములమ్మ చేట పక్కన పెడుతూ. "లెక్కలు రాసేటాయన మాకు తెల్వకుండ లేని బిల్లులు ఎక్కిచ్చిండు, ఆ దెబ్బకే దుకాణం పోయి ఈయన చేతికి కుంచె వచ్చింది."