ముళ్ళపంది మీద తీర్మానం

సాయంత్రం అయిదయ్యేలోగా ఏదో ఒక తీర్మానం నెగ్గాలి. లేకపోతే డాన్సు హాలు చేజారిపోతుంది.

హాలు బ్లాక్‌చెయిన్ సంఘానిది. దానికి అధ్యక్షుడూ లేడు, కార్యదర్శీ లేడు. దేశదేశాల సభ్యులు మారుపేర్లతో ఫోన్లోనే ఓట్లు వేస్తారు. మూడింట రెండొంతులు సరేనంటేనే పని జరుగుతుంది. ఏడాదిపాటు ఒక్క తీర్మానమూ నెగ్గకపోతే అలాంటి సంఘం రద్దవుతుందని అమెరికాలో ఈ ఊరున్న వయోమింగ్ రాష్ట్రపు చట్టం. ఆ ఏడాది ఇవాళ్టితో నిండుతుంది. హాలు వేలానికొస్తే గొట్టాల గోదాము చేసుకుందామని ఒకాయన కాచుకుని కూర్చున్నాడు.

సభ్యులు మాత్రం కొట్టుకు చస్తున్నారు. చెక్కనేల పీకేసి నాపరాళ్ళు పరుద్దామని ఒక జట్టు. కాఫీ కొట్టు పెడదామని ఇంకో జట్టు. ముళ్ళపంది అనే మారుపేరు ఈ రెండు జట్లనూ ఏకిపారేస్తుంది. "రాళ్ళమీద జారిపడినవాళ్ళని మీరొచ్చి మోస్తారా?" అని వీళ్ళనీ, "కాఫీ తాగితే బూట్లు వాటంతటవే ఆడతాయా?" అని వాళ్ళనీ.

సంఘానికి ఊళ్ళో ఒక మనిషి ఉండాలని చట్టం అంటే, డ్వెయిన్ తన పేరిచ్చాడు. పాపం, పొద్దుటి నుంచీ తీర్మానాలు పెడుతూనే ఉన్నాడు. తలుపుకు రంగు ఓడిపోయింది. మెట్ల దగ్గర బల్బు కూడా ఓడిపోయింది.

"బల్బు కూడా వద్దంటున్నారే పిన్నీ! ఆ ముళ్ళపందిగాడు దొరకాలి, వాడి పని చెప్తా!"

శనివారం డాన్సులకు అకార్డియన్ వాయించేది ఆర్లీన్ పిన్నే. మొగుడు పోయాక ఆమెకు ఆ హాలే లోకం.

"వాడి నోట్లో నా పాత బూటు కుక్కాలి," అంది పిన్ని. "ఒరేయ్, వీళ్ళందరికీ ఏ ఒక్క విషయంలోనూ కుదరదంటావా?"

"ఎందుకు కుదరదూ? వాణ్ణి తిట్టడంలో అందరూ ఒకటే!"

పిన్ని గట్టిగా నవ్వి, కాఫీ కలుపుకొస్తానని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి డ్వెయిన్ ఫోన్ మోగింది. కొత్త తీర్మానం: ముళ్ళపందిని సంఘం నుంచి వెలివేయాలి. ఎవరు పెట్టారో చూసే తీరిక ఎవరికుంది? రెండు జట్లూ ఎగబడి ఓట్లు గుద్దాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. అయిదుకు ఇంకా పావుగంట ఉండగానే నెగ్గింది.

డ్వెయిన్ లోపలికి పరిగెత్తి, పిన్నిని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు.

"హాలు నిలబడిందే పిన్నీ! ఆ వెధవ మొహం ఇప్పుడు చూడాలనుంది!"

"చూసి ఏం చేస్తావులే. దించరా, నడుం విరుగుతుంది!"

ఆ శనివారం హాలు కిటకిటలాడింది. చెక్కనేల బూట్ల చప్పుడుతో అదిరిపోయింది. రెండు పాటల మధ్య ఆర్లీన్ అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి ఫోన్ తీసి, ఇక ఓటు లేని తన ముళ్ళపంది ఖాతాను నవ్వుకుంటూ చెరిపేసింది.