పర్ఫెక్ట్ మ్యాచ్

“పర్ఫెక్ట్ మ్యాచా? నిజంగానా?”

వంటింట్లోంచి వచ్చిన ఆ మాటకి, హాల్లో చెప్పులేసుకుంటున్న అతను ఆగిపోయాడు. భార్య ఫోన్లో మాట్లాడుతోంది.

“నాకు కుదరదేమోనని ఎంత బెంగపడ్డానో... లేదు, ఇంట్లో ఎవరికీ తెలీదు. మావారికి నేనే చెప్తాను, మీరు ఫోన్ చెయ్యకండి. రేపు తప్పకుండా వస్తాను.”

అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“ఎవరు?”

“ఎవరో లెండి. రాంగ్ నంబరు.”

రాంగ్ నంబరుతో అంత మురిపెంగా ఎవరు మాట్లాడతారు?

కొన్నాళ్లుగా ఆమెలో మార్పు చూస్తూనే ఉన్నాడు. తెల్లారగానే నడకకి వెళ్తోంది. తీపి మానేసింది. బాగా సన్నబడింది. మొన్నొకరోజు మెట్ల మీద ఆమెను వెనకనుంచి చూసి, పెళ్లయిన కొత్తలో ఇలాగే ఉండేది అనుకున్నాడు. ఇప్పుడు ఎవరి కోసమో అన్న అనుమానం ఆ క్షణానే మొలిచింది. ఇవాళ అది చెట్టయి కూర్చుంది.

అతనిది గుండీలు, దారాలు అమ్మే షాపు. అందరూ గుండీలాయన అంటారు. “దీనికి మ్యాచింగ్ చూపించండి” అన్న మాట రోజంతా చెవిలో పడుతూనే ఉంటుంది. ఆ మాటమీదే అతని ఇల్లు గడుస్తోంది. కానీ ఆ రోజు అది వినపడిన ప్రతిసారీ నిప్పు తగిలినట్టయింది.

మధ్యాహ్నం రిటైరైన ఇంగ్లీషు మేష్టారు ఒకాయన కోటు పట్టుకుని వచ్చారు. ఒక గుండీ ఊడిపోయింది.

“మేష్టారూ, మ్యాచ్ అంటే అసలు అర్థమేంటండీ?”

“ఒకటని ఏం చెప్పను! ఆట అనొచ్చు, పోటీ అనొచ్చు. అగ్గిపుల్లనీ అదే అంటారు. పెళ్లి సంబంధం కుదిరితే మ్యాచ్, ఈ కోటుకి సరిపడే గుండీ దొరికితే మ్యాచ్. జోడీ, సరిసాటి, దీటు... ఎక్కడ వాడితే అక్కడి అర్థం.”

“మరి పర్ఫెక్ట్ మ్యాచ్ అంటే?”

“ఒకరి కోసం ఒకరు పుట్టారని. నువ్వూ మీ ఆవిడా లేరూ, అలాగన్నమాట!” అని మేష్టారు పకపకా నవ్వారు.

అతనికి నవ్వు రాలేదు. ఇన్ని అర్థాల్లోనూ తనకి తగిలింది అగ్గిపుల్లే అనుకున్నాడు.

“ఇదేంటయ్యా, నల్లకోటుకి గోధుమరంగు గుండీ ఇచ్చావు?” అన్నారు మేష్టారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఉబ్బిన పాదాలు చూసుకుంటోంది. కిడ్నీలు పాడైనప్పటినుంచీ రోజు మార్చి రోజు ఆవిడని డయాలసిస్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లడం, షాపు సగంపూట మూసెయ్యడం అతనికి అలవాటైపోయింది. మంచాన పడ్డా ఆవిడ పట్టుదల తగ్గలేదు. కోడలితో సూటిగా మాట్లాడి ఏళ్లయింది. చెప్పాల్సిందేదైనా గోడకి చెబుతుంది, లేకపోతే కొడుక్కి చెబుతుంది.

“మీ ఆవిడ ఇవాళ కూడా బ్యాంకంటూ బయల్దేరింది. రోజూ ఏం పనిరా ఆ బ్యాంకులో?”

“నువ్వూరుకో అమ్మా.”

“ఊరుకుంటాను. నాకెందుకు? నోరు విప్పితే అత్త ఓర్వలేకపోతోందంటారు. మొగుడు ఇంట్లో ఉన్నంతసేపూ ఆ మొహంలో నవ్వుండదు. ఫోనొస్తే మాత్రం పెరట్లోకి పరుగు.”

భోజనాల దగ్గర అతను తల ఎత్తకుండా అడిగాడు. “రేపెక్కడికైనా వెళ్తున్నావా?”

“బ్యాంకుకి.”

“నేను దింపుతాలే.”

“వద్దండీ. షాపు మూసుకుని మీరెందుకు?” అంటూ ఆమె కంగారుగా లేచి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు అతని ముందే ఉంది.

మర్నాడు షాపు తియ్యలేదు. ఆమె ఎక్కిన బస్సు వెనకే స్కూటరు మీద వెళ్లాడు. బస్సు బ్యాంకు దాటి పోయింది. ఆమె దిగిన చోటు చూసి అతని ఒళ్లు మండిపోయింది. తల్లిని తీసుకొచ్చే ఆసుపత్రి! తనకి కాపలావాడి దగ్గర్నుంచి అందరూ తెలిసిన చోటే! ఎంత గుండె ధైర్యం!

ఆమె వెనకే మెట్లెక్కాడు. పై అంతస్తులో ఒక గది తలుపు తెరిచి, నీలం చొక్కా మనిషి ఆమెకి ఎదురొచ్చాడు. మంచి పొడగరి. ఆమెని చూడగానే చెయ్యి కలిపాడు. ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తనకి దక్కి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు.

మరి ఆగలేకపోయాడు.

“ఇదా నీ బ్యాంకు?”

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నీలం చొక్కా మనిషి “మీరు ముందు కూర్చోండి” అనబోయాడు.

“నిన్ను కాదు, నా భార్యని అడుగుతున్నా!”

వరండాలో జనం తలలు తిప్పారు.

“మెల్లగా మాట్లాడండి” అందామె. “ఇవాళే ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను.”

“ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?”

“చెప్తే మీరు ఒప్పుకోరు. అవతలివాళ్లు అసలే ఒప్పుకోరు. అంతా ఖాయమయ్యాక చెబితే ఎవరూ కాదనలేరని...”

“అంటే నిశ్చయించుకున్నావన్నమాట.”

“నిశ్చయించుకున్నాను.” ఆమె తొణకలేదు.

అతను పెళ్లయినప్పటినుంచీ ఆమె ముందు ఏడ్చినవాడు కాదు. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

“నిన్న ఫోన్లో అంతా విన్నాను. పర్ఫెక్ట్ మ్యాచ్ అన్నావు. మురిసిపోయావు. నా కళ్లలోకి చూసి చెప్పు. ఎవరితో?”

ఆమె అతని కళ్లలోకే చూసింది.

“మీ అమ్మతో.”