దాచిన చీర

"లంబాసా నుంచి నీ బొంత తిరిగొచ్చింది సెల్లీ," అంటూ పడవ పని చేసే మున్సామి మూటను పైడమ్మ ఒళ్లో పెట్టాడు.

చెరుకు కొట్టి కొట్టి వాచిపోయిన వేళ్లతో ఆమె ముడి విప్పింది. కూలికని ఒకే ఓడలో ఈ దీవులకొచ్చి చెరో చెరుకు తోట పాలైన తనకూ, అవతలి దీవిలో లంబాసా తోటలో ఉన్న నూకాలుకూ మిగిలిన పలకరింపు ఆ బొంతే. ఈమె ఓ పాత చీర ముక్క కలిపి కుట్టి పంపితే, ఆమె మరోటి కుట్టి తిప్పి పంపుతుంది.

ఈసారి ముక్క చూడగానే పైడమ్మ చెయ్యి ఆగిపోయింది. ముదురెరుపు, పసుపు అంచు.

"అన్నా, నూకాలు బాగుందా?"

"నవ్వతానే ఇచ్చింది. ఏటయింది?"

"ఇది దానమ్మ పెట్టిన సీర. గిర్మిట్ కూలి గడువు తీరి మనూరెళ్లిన రోజే కడతానని మడత ఇప్పకుండా దాసుకుంది."

"అంటే... ఇంక ఎల్లదన్నమాట."

పైడమ్మ ఆ ముక్కను చాలాసేపు నిమిరింది. తర్వాత అలసటగా లేచి, పెట్టె అడుగునుంచి తన కొత్త చీర తీసింది. అదీ ఆ రోజు కోసమే దాచింది.

"ఆ సెరుకు కత్తి ఇలా అందించన్నా."

"సెల్లీ, బాగా ఆలోచించుకో."

"అదొక్కతీ ఇక్కడుండిపోతే ఎలాగన్నా?" అంటూ పైడమ్మ చీర మడత విప్పింది.