దగ్గరి గెలాక్సీ

“గాలి పెరిగిందండి. టెలిస్కోపు డోమ్ మూసేశారు,” అన్నాడు అజయ్ బాబు మైకులో.

“ఎంతసేపండి?” అవతలి నుంచి స్వర్ణలత గొంతు.

“చెప్పలేమండి. తగ్గితే తెరుస్తారు.”

తెనాలి చెంచుపేటలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. టెలిస్కోపు ఉన్న చిలీ దేశపు కొండ మీద అర్ధరాత్రి. ఆ టెలిస్కోపు వాడుకునేవాళ్లకి ఇంట్లో కూర్చునే సాయపడటం అజయ్ బాబు ఉద్యోగం. ఎటు తిప్పాలి, ఎంతసేపు చూడాలి, వచ్చిన ఫొటో పనికొస్తుందా, ఇవన్నీ అతను చెప్పాలి. స్వర్ణలత బాపట్లలో కాలేజీ లెక్చరర్. దగ్గరి గెలాక్సీ ఒకదాన్ని చూసుకోవడానికి ఆమెకు మూడు రోజులు, రోజుకు రెండు గంటలు దొరికాయి. జాబితాలో ఆమె పేరు చూసి ఆ మూడు రోజుల డ్యూటీ అతనే అడిగి వేయించుకున్నాడు.

మొదటి రెండు రోజుల్లో గెలాక్సీ సగం ఫొటోల్లోకి వచ్చింది. మిగతా సగం ఇవాళ రావాలి. రాకపోతే ఆమె పరిశోధన అక్కడితో ఆగినట్టే.

ఆమె కెమెరా పెట్టదు. తెర మీద పేరు ఉంటుంది, గొంతు వినిపిస్తుంది, అంతే. ఇతనూ పెట్టడు. అయినా మూడు రోజులుగా శుభ్రంగా గడ్డం గీసుకుని మరీ కూర్చుంటున్నాడు. ఎవరు చూస్తారనో అతన్నే అడగాలి.

వంటమనిషి అన్నమ్మ ఇది కనిపెట్టేసింది. ఆమె కొలకలూరు నుంచి ఆటోలో వస్తుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఆమె కడిగేది ఒకటే కంచం, ఒకటే గ్లాసు. సంబంధం చూడనా బాబూ అని రెండుసార్లు అడిగితే అతను నవ్వి ఊరుకున్నాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి అద్దం ముందు నిలబడుతుంటే ఆమె చూసీ చూడనట్టు ఎలా ఉంటుంది?

ఇంటి వెనక రైలు కూత వినిపించింది.

“రేపల్లె బండి ఇవాళ లేటా అండి?” అంది స్వర్ణలత.

“పావుగంటండి.”

ఆ తర్వాత కూడా ఆమె లైను పెట్టెయ్యలేదు. ఊరికే లైనులో ఉండటం కూడా అతనికి హాయిగానే ఉంది. పదకొండుకి ఆమె టైము అయిపోతుంది. ఇక ఆమె మాట్లాడటానికి కారణం ఉండదు, తను ఫోన్ చెయ్యడానికి ధైర్యం ఉండదు. మళ్లీ ఈ ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగలదు. అది తలచుకుంటేనే అతనికి భయం వేసింది.

పదకొండుకి పది నిమిషాలుందనగా కూడా గాలి తగ్గలేదు.

“నా టైము అయిపోయినట్టే కదండి. మళ్లీ అప్లై చేసుకుంటాను. ఏడాది పడుతుందేమో.” ఆమె గొంతు నీరసంగా ఉంది.

అజయ్ బాబు రేపటి జాబితా తెరిచి చూశాడు. “రేపు నా సొంత పనికి టెలిస్కోపు మీద రెండు గంటలు ఉన్నాయండి. అవి మీరు తీసుకోండి.”

అవతల పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“మీ పని వాయిదా వేస్తారా?” అంది.

“ఈసారికి వేస్తానండి.”

“రేపు గాలి తగ్గుతుందా?”

“తగ్గాలండి.”

“టిఫిన్ చేశారా?”

“ఇంకా లేదండి.”

“పదకొండైంది. చెయ్యండి.”

లైను కట్ అయింది. అతను హెడ్‌సెట్ తియ్యడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు. సంతోషమే, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్నమ్మ ఇడ్లీ ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. “రేపు కూడా గడ్డం గీసుకోవాలన్నమాట.”

“ఏంటి అన్నమ్మా?”

“ఏం లేదు. ఎవరు బాబూ ఆవిడ?”

“టెలిస్కోపు వాడుకునే ఆవిడ. దగ్గరి గెలాక్సీని చూస్తోంది.”

“దగ్గరంటే ఎంత?”

“అక్కడి వెలుతురు ఇక్కడికి రావడానికి కోటి ఏళ్లు పడుతుంది.”

“అది దగ్గరా? మరి ఆవిడుండేది ఎక్కడ?”

“బాపట్ల.”

“రైలెక్కితే గంట. ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చుగా.”

“రమ్మనాలి కదా,” అన్నాడు ఇడ్లీ తుంచుతూ.

అన్నమ్మకి అనుమానం వచ్చింది. “ఆవిడకి పెళ్లయిందా?”

“అయింది.”

చట్నీ వేస్తున్న గరిటె ఆగిపోయింది. “తెలిసే ఇదంతానా? తప్పు బాబూ. ఆదివారం ఆరాధనకి వెళ్లే మనుషులు మీరు.”

అతను ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుకున్నాడు.

“మొగుడితోనే ఉంటుందా?”

“లేదు. విడిగా ఉంటోంది. నాలుగేళ్లయింది.”

“ఏం, తాగుతాడా?”

“లేదు. పనిలో పడి ఆవిడ ఇంట్లో ఉందన్న సంగతే మర్చిపోయాడు.”

“బాగానే ఉంది సంబడం. పెళ్లాన్ని మర్చిపోయేంత పని ఏం చేస్తాడట ఆ మహానుభావుడు?”

అజయ్ బాబు నెమ్మదిగా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“టెలిస్కోపు వాడుకునేవాళ్లకి సాయపడుతుంటాడు.”