విటోల్డ్ గారి పేజీ

ఆన్‌లైన్ విశ్వకోశంలో పేజీ ఉన్నవాళ్లందరూ చనిపోయాక కూడా ఇళ్లల్లో మాట్లాడుతున్న కాలమది. పోలండ్ కవి విటోల్డ్ గ్రాబెక్ పోయి మూడేళ్లయినా, విశాఖలో ఆయన భార్య హైమవతి రోజూ ఆయన గొంతుతో కబుర్లాడుతూనే కూర తరుగుతోంది. పేజీలో ఉన్నదే ఆ గొంతుకు తెలుసు.

“బావ గోంగూర పచ్చడంటే పడి చచ్చేవాడు కదా, అది రాయలేదేంటక్కా?” అంది చెల్లెలు సుభాషిణి.

హైమవతి నవ్వుతూ ఆ వాక్యం చేర్చింది.

దాంతో పేజీ మొత్తం తనిఖీకి వెళ్లింది. రుజువు లేనిదల్లా కొట్టేస్తానంది విశ్వకోశం యంత్రం. సింహాచలంలో జరిగిన పెళ్లి గురించి ఏ పత్రికలోనూ పడలేదు.

“తాళి కట్టించుకున్నదాన్ని నేనే చెబుతున్నాను కదయ్యా!” అంది హైమవతి.

“బంధువుల మాట చెల్లదండీ. అచ్చయిన ఆధారం చూపించండి.”

సుభాషిణి పరుగున వెళ్లి పెళ్లి ఫొటో తెచ్చింది. అదీ ఎక్కడా అచ్చు కాలేదట. పేజీలోంచి పెళ్లి పోయింది.

హైమవతి “ఏవండీ?” అని పిలిచింది.

“చెప్పండమ్మా,” అన్నాడు విటోల్డ్ ఎంతో మర్యాదగా. “నా కవిత్వం గురించి మీకేం కావాలి?”