సముద్రం వైపు కిటికీ

"ఆర్పెయ్! ఇప్పుడే ఆర్పెయ్!"

మొగుడి తాత, ముసలి ఎవరిస్తో అరిచిన అరుపుకి యాదిరా చేతిలోంచి అగ్గిపెట్టె జారిపడింది.

పెళ్లయి పదహారో రోజు. అటక మీద గోనెలో చుట్టి ఉన్న పాత ఇత్తడి లాంతరు దొరికితే, పొద్దుటి నుంచీ నిమ్మచెక్కలతో తోమి తళతళలాడించింది. పొద్దుగూకగానే సముద్రం వైపు కిటికీలో వేలాడదీసి వెలిగించింది. పడవ మీద వచ్చే మొగుడికి దూరం నుంచే తమ ఇల్లు కనిపించాలని ఆమె ముచ్చట.

ముసలాయన ఒక్క ఊపున దీపం ఆర్పేశాడు. "ఈ కిటికీలో దీపం పెట్టకూడదని చెప్పానా లేదా?"

"చెప్పారు. ఎందుకో చెప్పలేదు!" యాదిరాకి ఒళ్లు మండింది. "ఊరంతా పెట్టుకుంటోంది, మనకే చీకటా? ఎప్పుడో మునిగిన ఓడ కోసం ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తారు తాతయ్యా?"

ఆ ఓడ నుంచే కొట్టుకొచ్చి ఈ ఇంటికి బిగిసిన టేకు తలుపు తోసుకుని ఆమె మొగుడు నెరేయో లోపలికొచ్చాడు. మునిగిపోయిన ఆ మదలేనా ఓడని, చూడ్డానికి వచ్చిన జనాన్ని నీళ్లలోకి దింపి చూపించడం అతని పని. చంకలో బరువైన కంచు పలక.

"యాదీ, తాతతో మళ్లీ మొదలెట్టావా? ఇది చూడండి, రేపు నీళ్లడుగున ఓడ బాయిలరు పక్కన బిగిస్తున్నాం." గట్టిగా చదివాడు. "'ప్లాసిదో మోంతెరో. రేవులో ప్రమాద గంట మోగకముందే పడవలు వేసుకెళ్లి పదకొండు మందిని కాపాడిన వీరుడు.' మీ తాత పేరు, తాతా! పోయినవాళ్ల పేరున సముద్రంలో రమ్ము పోసి పలకని దించేది నువ్వే."

"ఆ పేరు చెరిపెయ్."

"ఏంటి?"

"చెవుడా నీకు? చెరిపెయ్యమన్నాను!"

నెరేయో మొహంలో నవ్వు పోయింది. "మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించాను ఇది. వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు, గాలీ వానా లేని రాత్రి కెప్టెన్ ఓడని రాళ్ల వైపు ఎందుకు తిప్పాడని. నా దగ్గర జవాబు లేదు. గర్వంగా చెప్పుకునేది ఆయన సంగతొక్కటే. అదీ వద్దా?"

"నలభై మంది పోయార్రా అక్కడ! వాళ్ల పక్కన ఆ పేరా?"

"దీపం పెట్టినా కోపమే, మీవాళ్లని పొగిడినా కోపమే!" యాదిరా గొంతు పెంచింది. "గంటైనా మోగకముందే అంతమంది కోసం పడవలు తీశాడు. ఇంకెవరు వెళ్లారు ఈ ఊళ్లో?"

ముసలాయన కొక్కెం నుంచి లాంతరు తీశాడు. వేడికి చెయ్యి చురుక్కుమంది. అయినా వదల్లేదు.

"గంట మోగకముందే ఎలా వెళ్లాడో ఎప్పుడైనా అడిగారా?" అన్నాడు. "రేవు దీపమని ఓడని నమ్మించి, దోచుకోడానికి రాళ్ల మీదికి రప్పించాలని ఈ కిటికీలో ఆయన వెలిగించింది ఈ లాంతరే."