నాయనమ్మ నాడి

చూసేవాళ్ల భయం ఎక్కువైతే టీవీయే కథను మెత్తబరిచే రోజులవి. చేతికి తొడుక్కున్న పట్టీలో నాడి వేగం పెరిగిందంటే చాలు, తెరమీది దయ్యం కాస్తా పాలమ్మే అమ్మాయిగా మారిపోయేది. తెనాలిలో దయ్యాల సినిమాలంటే పడిచచ్చే మృదులకూ ఆమె స్నేహితులకూ ఇదే పెద్ద చిక్కు. ఎవరింట్లో వాళ్లు ఒకే సినిమా చూసినా ఒక్కొక్కరికి ఒక్కో కథ కనిపించేది. ఇక కూర్చుని మాట్లాడుకునేదేముంది?

చివరికి మృదుల ఓ ఉపాయం కనిపెట్టింది. అందరినీ తమ ఇంటికి పిలిచి, వాళ్ల పట్టీలన్నీ విప్పించి, దేనికీ బెదరని నాయనమ్మ హైమవతి చేతికి తొడిగింది. ఆవిడ మూలన కూర్చుని గోంగూర తుంచుతుంటే, ఆ నిదానమైన నాడిని నమ్మి టీవీ కథను ఉన్నదున్నట్టు చూపించింది. స్నేహితులంతా ఒకరినొకరు పట్టుకుని హాయిగా వణికారు.

బావిలోంచి నెత్తుటి చెయ్యి పైకి లేచింది. అంతలోనే ఆ చేతిలో పూలసజ్జ ప్రత్యక్షమైంది.

అందరూ ఉసూరుమన్నారు. మృదుల వెనక్కి తిరిగింది. నాయనమ్మ ఒళ్లో గోంగూర అలాగే ఉంది. కళ్లు మాత్రం తెరకు అతుక్కుపోయాయి.

"ఆ చెయ్యి ఎవరిదే?" అంది ఆవిడ సన్నగా.

"చెబితే ఏం బాగుంటుంది, నాయనమ్మా?"

హైమవతి పట్టీలన్నీ విప్పి మనవరాలి చేతిలో పెట్టింది.

"ఇవి తొడుక్కుని, అటు తిరిగి ఆకు తుంచు. కాసేపు నన్నూ భయపడనివ్వవే."